దీపం చిన్నది చెయ్

"ఆయనకి ఏ పాటలంటే ఇష్టం?"

మాటల డాక్టరమ్మ అంతవరకూ అడిగినవాటికి కోడలు తడుముకోకుండా జవాబు చెప్పింది. బీపీ మాత్ర ఎప్పుడు వేస్తోంది, కుడి కాలు ఎంతవరకు ఎత్తగలుగుతున్నాడు, మింగేటప్పుడు పొలమారుతోందా, నిద్ర పడుతోందా, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. పాటల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పక్కన చక్రాల కుర్చీలో ఉన్న మామయ్య వైపు చూసింది. అడుగుతున్నది ఇంకెవరి గురించో అన్నట్టు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"తెలీదండీ," అంది.

"ఇంట్లో ఏం వినేవారు?"

"వార్తలు."

డాక్టరమ్మ చిన్నపిల్ల. జుట్టు ముడేసి అందులో పెన్ను గుచ్చుకుంది. కుర్చీ ముందుకు జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. "తలలో మాటలుండే చోట దెబ్బ తగిలిందమ్మా. పాటలుండే చోటు వేరు. అది బాగానే ఉండొచ్చు. నోట మాట రానివాళ్ళు ఒక్కోసారి పాట అందుకుంటారు. పాటలో పడ్డ మాటని మెల్లగా బయటికి లాగొచ్చు. కాకపోతే ఏదో ఒక పాట పనికిరాదు. లోపల నాటుకుపోయింది కావాలి. ఆయనది కావాలి."

"అత్తయ్య ఉంటే చెప్పేదండీ."

"మీరు కనుక్కోండి. ఏది వింటే కదులుతారో చూడండి."

మామయ్య అప్పుడు తల తిప్పి, "అదే," అన్నాడు.

పక్షవాతం వచ్చి పడిపోయిన తర్వాత ఆయన దగ్గర మిగిలిన మాట అదొక్కటే. మంచినీళ్ళు కావాలన్నా అదే, దీపం ఆర్పమన్నా అదే, కాలు లాగుతోందన్నా అదే. ఒకప్పుడు తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరుగా ఆయన బజారులో అడుగు పెడితే కొట్లవాళ్ళు కాటాలు తుడుచుకుని లేచి నిలబడేవాళ్ళు. ఇప్పుడు గ్లాసు కావాలో గిన్నె కావాలో చెప్పలేక, చెప్పాననుకుని, ఎదుటివాళ్ళకి అర్థం కాక, ఎడం చెయ్యి మంచం మీద విసురుగా ఒకసారి కొట్టి ఊరుకుంటున్నాడు.

ఆ సాయంత్రం ఓడ మీద నుంచి భర్త ఫోన్ చేశాడు. ఇంజిను హోరులో సగం మాటలే వినబడుతున్నాయి.

"నాన్నకి పాటలా? వార్తలవగానే రేడియో కట్టేసేవాడు. మేం సినిమా పేరెత్తితే వీపు విమానం మోతే. భక్తి పాటలు పెట్టి చూడు."

"మీకు చిన్నప్పుడు ఎప్పుడైనా పాడారా?"

"ఎవరు? నాన్నా?" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే లైను పోయింది.

వదినని, అంటే భర్త అక్కని అడిగింది. ఆవిడా అదే చెప్పింది. "నాన్నగారికి ఆ పిచ్చిలేం లేవమ్మా. స్తోత్రాలు పెట్టు. పొద్దున్నే ఇంట్లో మంచి మాట వినబడితే మంచిది కూడా."

పెట్టింది. రెండు గదుల ఇల్లు కావడంతో ముందు గదిలో కుట్టుమిషను, లోపలి గదిలో మామయ్య మంచం, మధ్యలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బట్టల కొట్టు వాళ్ళు పంపిన మూట విప్పి, ప్యాంట్ల కింది అంచులు కురచ చేస్తూ, ఫోను ఆయన తలగడ పక్కన పెట్టి ఒక్కో పాటా వినిపించింది. స్తోత్రాలకు కళ్ళు మూసుకున్నాడు. భక్తి పాటలకు నిద్రపోయాడు. పెద్దవాళ్ళందరూ మెచ్చుకునే పాత విషాద గీతాలు, వెన్నెల మీద, పడవల మీద, విరహం మీద ఉన్నవన్నీ పెట్టింది. ప్రతి పాట మొదలవగానే మిషను ఆపి, సూది కింద గుడ్డ అలాగే వదిలేసి, తలుపు దగ్గరికి వెళ్ళి చూసేది. ఆయన పైకప్పును చూస్తుండేవాడు. ఒకసారి మాత్రం చెయ్యి కదిలింది. ఆశగా దగ్గరికి వెళ్తే దోమని తోలుకుంటున్నాడు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆయనతో మాట్లాడింది ఎంత అని ఆలోచించింది. 'అమ్మాయ్, పేపరు వచ్చిందా.' 'వచ్చింది మామయ్యా.' 'అమ్మాయ్, గ్యాస్ కట్టేశావా.' 'కట్టేశాను మామయ్యా.' భర్త ఇంట్లో ఉన్న నెలల్లో ఆ రెండు మాటలు కూడా అతని ద్వారానే జరిగేవి. ఆయన ఏ కూరకి మొహం చిట్లిస్తాడో తెలుసు, చొక్కా కాలరు ఎంతో తెలుసు. ఆయనకి ఏది ఇష్టమో మాత్రం అసలు తెలియదు.

ఎదురింటికి రంగులు వేస్తున్నారు. గోడకి కర్రలు కట్టి వాటి మీద నిలబడి పనివాళ్ళు పాత సున్నం గీకుతుంటే దుమ్ము వీధి దాటి వచ్చేది. కిటికీ మూసుకుందామని లేచి, గాలి ఆడదని మళ్ళీ ఊరుకుంది. వాళ్ళు కర్రలకి ఒక రేడియో వేలాడదీసుకున్నారు. పొద్దుటి నుంచీ ఏదో ఒకటి మోగుతూనే ఉంది.

మధ్యాహ్నం ఒక జీన్సు ప్యాంటుకి జిప్పు మారుస్తోంది. పాత కుట్టు బ్లేడుతో విప్పి, దారం పోగులు వేలితో దులిపి, కొత్త జిప్పు అమర్చి గుండుసూదులు గుచ్చింది. నోట్లో ఇంకో రెండు సూదులు ఉన్నాయి. అప్పుడు లోపలి నుంచి బొంగురుగా ఒక మోత మొదలైంది. కింది వాటా వాళ్ళ నీళ్ళ మోటారు అనుకుంది. మోటారు ఒకే శ్రుతిలో మోగుతుంది. ఇది లేస్తోంది, దిగుతోంది, ఒక చోట ఆగి ఊపిరి తీసుకుంటోంది.

నోట్లో సూదులు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మామయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం కిటికీ వైపు ఉంది. ఎడం చేతి వేళ్ళు మంచం పట్టె మీద దరువేస్తున్నాయి. ఎదుటి రేడియోలో ట్రంపెట్టు మోగుతోంది, గ్లాసుల గలగల, ఒక ఆడగొంతు కిలకిలా నవ్వడం. పాత సినిమాలో క్లబ్బు పాట. ఆ గొంతు వెనకాలే, ఒక అడుగు ఆలస్యంగా, ఆయన పాడుతున్నాడు.

"దీ... పం చిన్నది చెయ్... దూ... రం చిన్నది చెయ్..."

మాటలు. అవి మాటలే. 'చిన్నది' అన్నాడు. 'దూరం' అన్నాడు. కోడలు తలుపు చట్రం పట్టుకుని నిలబడిపోయింది.

"ముద్దొక్కటి మాత్రం దొరా, పెద్దది చెయ్."

ఆమెకు వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు. పాట అయిపోయి రేడియోలో ఎవరో సబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఆమెను చూసి, ఏదో చెప్పబోయి, "అదే," అన్నాడు. గొంతు మళ్ళీ పాతదే.

చెప్పులేసుకుని కిందికి దిగింది. రంగుల మేస్త్రి మెట్టు మీద కూర్చుని కుంచెలు కిరసనాయిలులో కడుగుతున్నాడు. మీసాల మీద కూడా సున్నం పడింది.

"మేస్త్రిగారూ, ఇందాక మీ రేడియోలో ఒక పాట వచ్చింది."

"సౌండ్ ఎక్కువైందా అమ్మా? తగ్గిస్తాంలే."

"అది కాదు. ఆ పాట ఏ సినిమాలోదో కావాలి."

"చాలా వచ్చాయి కదమ్మా. ఎలా ఉంటుంది?"

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి, "దీపం చిన్నది చెయ్," అని అక్కడే ఆపేసింది. మిగతాది నోరు దాటి రాలేదు. పైన కర్ర మీద కూర్చున్నవాడు ఆ మిగతాది గట్టిగా పాడి పూర్తి చేశాడు. ఇంకొకడు ఈల వేశాడు.

"నాకు కాదు. మా మామయ్య కోసం," అంది. అన్నాక ఇంకా ఇబ్బందయింది. గబగబా మొత్తం చెప్పేసింది, పక్షవాతం సంగతి, డాక్టరమ్మ సంగతి, 'అదే' సంగతి.

మేస్త్రి పైకి చూసి, "నోళ్ళు ముయ్యండ్రా," అన్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని ఫోను తీశాడు. తెర మీద రంగు మరకలు అంటుకుంటున్నా పట్టించుకోకుండా వెతికి ఆమెకు పంపించాడు. "సిగ్గుపడాల్సిందేముందమ్మా. ఆ రోజుల్లో ఈ పాట పాడనివాడెవడు? కొందరు పైకి పాడారు, కొందరు లోపల పాడుకున్నారు, అంతే తేడా."

డాక్టరమ్మ ఫోన్లోనే ఆ సంగతి విని సంతోషపడిపోయింది. ఎలా చెయ్యాలో చెప్పింది. ఎదురుగా కూర్చోవాలి. ఆయన ఎడం చెయ్యి పట్టుకుని మాటకో దెబ్బ చొప్పున బల్ల మీద తట్టించాలి. ముందు రాగం మాత్రమే తియ్యాలి. తర్వాత మాటలతో కలిసి పాడాలి. తర్వాత సగంలో తాను ఆగిపోయి, మిగతాది ఆయనకి వదిలెయ్యాలి.

"రికార్డు పెట్టి ఊరుకుంటే రాదా అండీ?"

"ఒక్కోసారి వస్తుంది. నిలవదు. ఎదురుగా మనిషి పాడాలి. ఆయన మీ నోరు చూడాలి."

మొదటి రోజు కోడలు కిటికీ మూసి కూర్చుంది. మామయ్య చెయ్యి పట్టుకోవడమే అలవాటు లేని పని. స్నానానికి లేపేటప్పుడు భుజం కింద చెయ్యేసి లేపడం వేరు, ఇది వేరు. చల్లగా, బరువుగా ఉందా చెయ్యి. బల్ల మీద తట్టించింది. "దీ-పం చిన్-నది చెయ్." ఆయన ఆమె పెదవుల వైపు చూశాడు. రెండోసారి కలిపాడు. 'ముద్దు' దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు దానంతటదే ఆగిపోయింది. ఆయన ఆగలేదు. ఒక్కడే, స్పష్టంగా, ముద్దొక్కటి మాత్రం దొరా అని పాడేసి, ఆమె ఎందుకు ఆగిందో తెలిసినట్టు, బాగున్న వైపు పెదవితో నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఎన్నడూ చూసింది కాదు. ఆమెకీ నవ్వొచ్చింది. ఇద్దరూ కాసేపు అలా నవ్వుకున్నారు, ఎందుకో ఎవరూ ఎవరికీ చెప్పుకోవలసిన పని లేకుండా.

ఆ పాటలో ఆడిన నర్తకి ఫొటోలు ఫోన్లో వెతికి చూపించింది. "ఈవిడేనా మామయ్యా?"

"అదే," అన్నాడు. ఈసారి ఆ మాట సరిగ్గా సరిపోయింది.

ఆవిడ చేసిన సినిమాలు బోలెడున్నాయి. అన్నిటిలోనూ కథ ఒకటే. విలన్ దగ్గర పని చేస్తుంది, ఒక పాటకి ఆడుతుంది, హీరోని చూసి మనసు మార్చుకుంటుంది, ఆఖర్న అతనికి అడ్డంపడి గుండు తగిలి చచ్చిపోతుంది. హీరో ఒక్క నిమిషం బాధపడి కథానాయికని తీసుకుని వెళ్ళిపోతాడు. మధ్యాహ్నాలు మూట పక్కన పెట్టి, కోడలు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ సినిమాలు ఆయనతో కలిసి చూసింది. నర్తకి చచ్చిపోగానే ఆయన ఎడం చేత్తో ఫోను బోర్లా తిప్పేసేవాడు. తర్వాత పెళ్ళి ఎవరికి ఎవరితో అయిందో ఆయనకి అక్కర్లేదు.

"నాకూ ఆవిడే నచ్చింది మామయ్యా," అంది ఒకసారి. "ఆ హీరోయిన్ ఏడవడం తప్ప చేసిందేముంది?"

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపాడు.

డాక్టరమ్మ ఆ రాగంలోనే వేరే మాటలు పెట్టి ఇచ్చింది. 'మంచినీళ్ళు ఇయ్యి, మాత్ర ఒకటి ఇయ్యి.' చెయ్యి తడుతూ ఉంటే అవీ వచ్చాయి, ముక్కలు ముక్కలుగా. రాగం తీసేస్తే పోయాయి. అయినా ఆమెకి ఇంట్లో అడుగు పెట్టగానే వినబడే చప్పుడు మారిపోయింది. మిషను మీద కూర్చుని బాబిన్‌కి దారం ఎక్కిస్తూ ఆమె మొదటి ముక్క అందుకుంటే, లోపలి నుంచి రెండో ముక్క వచ్చేది. కూరగాయలవాడి దగ్గర నిలబడి ఉన్నప్పుడు త్వరగా ఇంటికి వెళ్ళాలనిపించేది. ఆ కోరిక ఆమెకు కొత్త.

ఆదివారం వదిన వచ్చింది. చెప్పకుండా వచ్చింది. చేతిలో పళ్ళ సంచితో మెట్లెక్కి వస్తూ, తలుపు తట్టబోయి, అక్కడే ఆగిపోయిందని తర్వాత కోడలికి అర్థమైంది. ఎందుకంటే పాట మొత్తం అయిపోయిన తర్వాతే తలుపు చప్పుడైంది.

"ఏం చేస్తున్నారమ్మా?" అంది వదిన లోపలికి వచ్చి. బల్ల మీద తండ్రి చెయ్యీ, దాని మీద మరదలి చెయ్యీ చూసింది. కోడలు చెయ్యి తీసేసింది. తియ్యకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది.

"ప్రాక్టీసు వదినా. డాక్టరమ్మ చెప్పింది. మామయ్యకి మాటలు వస్తున్నాయి. చూస్తారా?"

"విన్నాను."

తండ్రి కూతుర్ని చూసిన సంతోషంలో బల్ల మీద తానే దరువేసుకుంటూ మళ్ళీ అందుకున్నాడు. 'ముద్దు' దగ్గర వదిన మొహం పక్కకి తిప్పుకుంది. పళ్ళు సంచిలోంచి తీసి ఒక్కొక్కటే గిన్నెలో పెట్టింది. అన్నీ పెట్టడం అయ్యాక వంటింట్లోకి వెళ్ళి, "అమ్మాయ్, ఒకసారి రా," అంది.

వెళ్ళింది.

"ఆయన బజారులో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు. తెలుసా నీకు?"

"తెలుసు వదినా."

"ఇలాంటి పాటలు ఆయన ఎప్పుడూ పాడి ఎరగడు. తల దెబ్బ తిని ఏదో అంటున్నాడు. దాన్ని పట్టుకుని నువ్వు ఇంకా నేర్పిస్తున్నావా?"

"నేను నేర్పలేదు. ఆయనకి వచ్చు. మొత్తం వచ్చు. రెండో చరణం నాకు ఆయనే చెప్పారు."

వదిన పంపు నుంచి కారుతున్న చుక్కని చూస్తూ, గొంతు బాగా తగ్గించి అంది. "తమ్ముడు ఇంట్లో లేడు. నువ్వొక్కదానివి. ఆయనొక్కడు. ఇద్దరూ కిటికీలు మూసుకుని కూర్చుని ఈ పాట పాడుకుంటుంటే కింది వాటా వాళ్ళు ఏమనుకుంటారు? నేను ఏదో అంటున్నానని కాదు. నలుగురూ ఏమంటారో అది చెబుతున్నాను."

కోడలికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పంపు గట్టిగా తిప్పి చుక్క ఆపింది. ఏదో ఒకటి అనాలి. వదిన వైపు చూసింది. వదిన మొహంలో కోపం లేదు, భయం ఉంది. ఆ భయాన్ని చూశాక అనవలసిన మాట ఒక్కటీ నోటికి రాలేదు. మామయ్య పరిస్థితి ఇదేనేమో అనిపించింది. లోపల అంతా ఉంటుంది, పైకి రాదు.

"నేను తీసుకెళ్తాను," అంది వదిన. "నాకూ తండ్రే కదా. నీకూ కొన్నాళ్ళు ఊపిరాడుతుంది."

భర్త ఫోన్లో అదే మాట తిప్పి చెప్పాడు. "అక్కని కాదనకు. తనంతట తాను తీసుకెళ్తానంటోంది కదా. నువ్వూ అలిసిపోయావు."

"నేను అలిసిపోలేదు."

"ఆఁ? వినబడట్లేదు."

"ఏం లేదు. సరే అన్నాను."

మామయ్య బట్టలు సర్దింది. గుండీ ఊడిన చొక్కాకి గుండీ కుట్టి మరీ పెట్టింది. మాత్రలు ఏవి ఎప్పుడో చెప్పింది. చెయ్యి తట్టడం గురించి మాత్రం చెప్పలేదు. చెబితే వదిన మళ్ళీ ఆ చూపు చూస్తుందని భయపడింది. కారులో కూర్చోబెట్టేటప్పుడు ఆయన ఆమె కొంగు అంచు పట్టుకుని, "అదే, అదే," అన్నాడు. వదిన ఆయన వేళ్ళు విడదీసి, సీటు బెల్టు పెట్టింది.

మర్నాడు కొట్టువాళ్ళు మూట పంపారు. అన్నీ బడిపిల్లల యూనిఫారాలు, కాజాలు కుట్టాలి. పని తొందరగా సాగింది. మధ్యలో ఎవరూ పిలవరు, ఎవరినీ లేపి కూర్చోబెట్టే పని లేదు. సాయంత్రానికల్లా మూట అయిపోయింది. అంత తొందరగా అయిపోయినందుకు ఆమెకు దిగులేసింది.

ఒకసారి ఆ పాట తనకోసం పెట్టుకుంది. ట్రంపెట్టు, గ్లాసులు, నవ్వు. పాట అంత గొప్పగా ఏమీ లేదు. మధ్యలో వాయిద్యాలు రొదగా ఉన్నాయి. పాడినావిడ గొంతు కొంచెం ముక్కుతో ఉంది. సగంలో ఆపేసింది. ఆ నర్తకి సినిమా ఇంకొకటి మొదలుపెట్టింది. పాట అయిపోయింది, గుండు తగిలింది, చచ్చిపోయింది. ఫోను ఎవరూ తిప్పకపోవడంతో సినిమా చివరిదాకా నడిచింది. పెళ్ళి కూడా అయింది.

ఎదురింటి వాళ్ళ రంగులు పూర్తయి కర్రలు విప్పేశారు. గోడ శుభ్రంగా, తెల్లగా, చూడ్డానికి ఏమీ లేకుండా ఉంది. మేస్త్రి వెళ్ళిపోతూ కింద నుంచి, "పెద్దాయన పాడుతున్నారా అమ్మా?" అని కేకేశాడు. పాడుతున్నారని చెప్పింది.

వదిన ఫోను చేసిన పొద్దున ఆమె మిషనుకి నూనె పోస్తోంది.

"అమ్మాయ్," అంది వదిన.

"మామయ్య ఎలా ఉన్నారు వదినా?"

"గోడ వైపు తిరిగి పడుకున్నారు. వచ్చినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఆ 'అదే' కూడా లేదు. స్తోత్రాలు పెట్టాను, భజనలు పెట్టాను. తిండి దగ్గర కూడా పళ్ళు బిగించేస్తున్నారు." గొంతు తడిగా ఉంది. "ఆ పాట నీ దగ్గర ఉందిగా. పంపు."

పంపింది. నూనె చేతులు తుడుచుకుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి మళ్ళీ మోగింది.

"పెట్టాను. ఇటు తిరిగారు. వింటున్నారు. పాడటం లేదు."

"వింటే చాలదు వదినా. ఎదురుగా మనిషి పాడాలట. మీరు పాడాలి."

"నేనా?"

"ఆయన ఎడం చెయ్యి పట్టుకోండి. బల్ల మీదో, మీ ఒళ్ళోనో, మాటకొకసారి తట్టించండి. మెల్లగా. ఆయన మీ నోరు చూస్తారు."

"ఇంట్లో మా అత్తగారున్నారు. పెద్దవాడు చదువుకుంటున్నాడు." తర్వాత కుర్చీ లాగిన చప్పుడు, తలుపు గడియ పడిన చప్పుడు. "ఫోను పెట్టెయ్యకు. నాకు రాగం సరిగ్గా రాదు."

"పెట్టను."

వదిన గొంతు సవరించుకుంది. పాడటం అలవాటు లేని గొంతు, వణుకుతూ, ఎవరో కొడతారన్నట్టు మొదలైంది. "దీపం చిన్నది చెయ్... దూరం చిన్నది చెయ్..." అవతల నుంచి ఏమీ లేదు. మళ్ళీ పాడింది. మూడోసారికి బొంగురు మోత కలిసింది. కోడలు కళ్ళు మూసుకుంది. ఆ మోత ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆమెకి తెలుసు, అక్కడే తీసుకుంది.

"మనసొక్కటి మాత్రం దొరా, పెద్దది చెయ్," అని పాడింది వదిన.

మోత ఆగిపోయింది.

"ఏం నాన్నా? పాడు. మనసొక్కటి మాత్రం..."

"ము..."

"ఆఁ? ఏం కావాలి?"

"ము... ముద్దు."

"ఏమిటి నాన్నా?"

"ముద్దు," అన్నాడు మామయ్య. పాటలో కాదు. రాగం లేకుండా, మామూలుగా, తూకం తప్పిన కాటా చూసి కొట్టువాడికి చెప్పినట్టు. "మనసు కాదే. ముద్దు."

వదిన నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడ అలా పగలబడి నవ్వడం కోడలు వినలేదు. నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైపోయింది. "సరే నాన్నా. ముద్దే. తప్పు నాదే, ముద్దే," అంటూ ముక్కు ఎగబీల్చుకుంది. ఎవరో తలుపు తట్టారు. "ఆగండి, నాన్న మాట్లాడుతున్నాడు," అని వదిన లోపలి నుంచి అరిచింది. తర్వాత ఇద్దరూ మొదటి నుంచి అందుకున్నారు, ఈసారి సరైన మాటతో, ఎవరు వింటున్నారన్నది పట్టకుండా.

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వదినా అని పిలుద్దామనుకుని నోరు తెరిచింది. పిలవలేదు. వదినకి పాట వచ్చేసింది. చెయ్యి తట్టడం వచ్చేసింది. ఇక మామయ్య ఇక్కడికి రావలసిన పని లేదు. ఆ సంగతి ఎడం చెయ్యి పట్టుకోండి అని చెబుతున్నప్పుడే ఆమెకు తెలుసు.

అవతల రెండో చరణం నడుస్తోంది. వదినకి అది రాదు, ఆయనే ముందు పాడి కూతురికి అందిస్తున్నాడు. తర్వాత ఆవిడ ఏదో అడిగింది, ఆయన ఏదో అన్నాడు, మళ్ళీ నవ్వారు. ఫోను ఒకటి తెరిచి ఉందని ఇద్దరూ మర్చిపోయారు.

కొట్టువాళ్ళు సాయంత్రానికి అడిగిన ప్యాంట్లు బల్ల మీద ఉన్నాయి. కోడలు ఒకటి తీసి మిషను పాదం కింద పెట్టి, చక్రం మీద చెయ్యి వేసి, ఆగింది. మిషను తిరిగితే ఆ చప్పుడు అవతలికి వెళుతుంది. వాళ్ళకి గుర్తొస్తుంది. ప్యాంటు బయటికి లాగి, సూదిలోకి దారం ఎక్కించి, ఫోను దగ్గరగా జరుపుకుని, చప్పుడు చెయ్యకుండా చేత్తో కుట్టడం మొదలుపెట్టింది.